ఊదకుండా పట్టిన సీసా

మీరంతా ఇప్పుడు ప్లాంటుని ఫోన్లోనే చూసుకుంటున్నారట. మొన్న మా పాత లాబ్ నుంచి ఒకమ్మాయి ఇంటికి వచ్చి, ఆవిరిలో ఎన్ని రేణువులు కొట్టుకుపోతున్నాయో తన ఫోన్లో గీతలు గీతలుగా చూపించింది. "మీ కాలంలో ఇవన్నీ ఉండేవి కావు కదా మేడమ్?" అని జాలిగా అడిగింది. నాకు ఒళ్ళు మండింది. మా కాలం అంటే ఏమన్నా బొగ్గుని తట్టల్లో మోసిన కాలమా? నేను రిటైరయి నిండా ఎన్నేళ్ళయిందని! ఆ రేణువులు లెక్కపెట్టే యంత్రం మా లాబ్‌కి వచ్చిన రోజున దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడుతూ, చర్చికి వెళ్ళే మనిషిని కదా అని నన్ను మర్యాదగా పక్కన నిలబెట్టారు. చివరికి దాని స్విచ్ ఎక్కడుందో ఎవరికీ తెలియక నా చేతే వేయించారు.

ఆ అమ్మాయికి కాఫీ ఇచ్చి పంపించాను గాని, చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది. అది ఇక్కడ చెబుతాను. పేర్లు మాత్రం చెప్పను. అందరూ ఇంకా ఈ విశాఖపట్నంలోనే తిరుగుతున్నారు. ద్వారకా నగర్లో ఎదురుపడితే నేను వాళ్ళకి మొహం చూపించుకోవాలి.

పారిశ్రామిక వాడలో మాదొక పవర్ హౌసు. చుట్టూ ఉన్న ఇనుము కరిగించే ఫర్నేసులకి కరెంటు ఇవ్వడం మా పని. నేను కెమిస్టుని. నీళ్ళు, ఆవిరి, వాటిలో ఏముందో చూడటం నా ఉద్యోగం. ఆవిరి అనగానే మీకు కుక్కర్ మీద తెల్లగా లేచేది గుర్తొస్తుంది. అది కాదు. మా ఆవిరి అయిదువందల డిగ్రీలు దాటి ఉండేది, కంటికి కనపడేది కాదు. పైపుకి సూదిమొన అంత చిల్లు పడితే, అందులోంచి వచ్చేది కనపడక, చీపురు ముందుకి చాపుకుంటూ వెతికేవాళ్ళు. చీపురు తెగి పడిన చోట చిల్లు ఉన్నట్టు లెక్క.

అంత వేడికి బాయిలర్ గొట్టాల లోపల నల్లటి పొర కడుతుంది. బాయిలర్ ఆగి చల్లబడి మళ్ళీ వేడెక్కినప్పుడు, పెనం మీద మాడిన అట్టు పెచ్చుల్లా ఆ పొర ఊడి రాలుతుంది. రాలినవి ఆవిరితోపాటు పరిగెడతాయి. టర్బైన్ రెక్కల్ని కొడతాయి. వాల్వుల సందుల్లో ఇరుక్కుంటాయి. అవి రాలుతున్నాయా లేదా అన్నది ముందుగా తెలిసేది మా లాబ్‌కే.

ఎలా తెలిసేదంటే, పెద్ద ఆవిరి పైపు నుంచి చిటికెన వేలంత సన్నటి లైను ఒకటి మా లాబ్ పక్క గదికి వచ్చేది. దారిలో ఆవిరి చల్లబడి నీళ్ళయ్యేది. లాబ్ మూసి ఉండే ఆదివారం పొద్దున తప్ప, షిఫ్టుకొకసారి ఆ నీళ్ళని సీసాలో పట్టి, తెల్ల కాగితంలో వడపోసి చూసేవాళ్ళం. పట్టే ముందు మాత్రం వాల్వు పూర్తిగా తిప్పి, లైనులో కూర్చున్న పాత మురికంతా జోరుగా బయటికి పోనివ్వాలి. దాన్నే మేం లైను ఊదడం అనేవాళ్ళం. నాకు పని నేర్పిన పాత కెమిస్టు ఈ విషయంలో పరమ ఛాందసుడు. ఊదకుండా పట్టిన సీసాని "ఎంగిలి సీసా" అని పారబోయించేవాడు. డ్యూటీ ఎక్కినవాడు చెయ్యి కడుక్కున్నట్టుగా ముందు వెళ్ళి లైను ఊదాలి. ఆ అలవాటు మా అందరి ఎముకల్లోకీ ఎక్కిపోయింది.

అప్పుడొచ్చింది ఈ కొత్త యంత్రం. అదే లైనులోంచి పారే నీళ్ళలోకి వెలుగు పంపించి, రేణువు అడ్డం వచ్చినప్పుడల్లా లెక్కపెట్టేది, రాత్రనక పగలనక. లెక్క హద్దు దాటితే మా లాబ్‌లోనూ పైన కంట్రోల్ రూములోనూ ఒకేసారి కీచుమంటూ అలారం మోగేది. అమర్చడానికి వచ్చిన ఇంజినీరు కుర్రాడు ఒక్కటే చెప్పాడు. "ఈ లైనులో ధార కదిలించకండి మేడమ్, ఎప్పుడూ ఒకేలా పారాలి."

పారాలి, సరే. కానీ సీసా పట్టడం ఎవడు మానేస్తాడు? యంత్రం చెప్పేదాన్ని సరిచూడ్డానికి కూడా సీసాయే కావాలి కదా. లైనేమో ఒక్కటే. దాంతో డ్యూటీ ఎక్కినవాడు నియమంగా వెళ్ళి లైను ఊదేవాడు, మురికి కదిలేది, యంత్రం కెవ్వుమనేది. పైన ఎవరో ఒకరు బటన్ నొక్కి నోరు మూయించేవారు. కాసేపటికి లెక్క తగ్గిపోయేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. మా షిఫ్టు ఇన్‌చార్జి గారు దానికి "డ్యూటీ మారే గంట" అని పేరు పెట్టారు. కాంటీన్ కుర్రాళ్ళు కూడా ఆ గంట విని టీ కాన్లు ఎత్తేవాళ్ళు. సీసాకి వేరే లైను వేయించమని నేను మొత్తుకున్నాను. "వచ్చే ఓవర్‌హాల్‌లో చూద్దాం" అన్నారు. ఆ ఓవర్‌హాల్ వచ్చింది, వెళ్ళింది. మళ్ళీ మొత్తుకున్నాను. మళ్ళీ అదే మాట.

ఇక ఆ రోజు సంగతి. ఎండలు ముదిరిన రోజులు. అంతకు ముందు వారమే బాయిలర్‌లో ఒక గొట్టం కారి, ఆపి, బాగుచేసి, మళ్ళీ లేపారు. ఆ మధ్యాహ్నం పక్క యూనిట్‌ని మరమ్మతుకి ఆపబోతున్నారు. అది ఆగేలోపు మా యూనిట్‌ని నిండా లోడుకి, అంటే ఇవ్వగలిగినంత కరెంటు ఇచ్చే స్థాయికి, తీసుకెళ్ళాలి. లేకపోతే ఫర్నేసుల్లో కరిగిన ఇనుము గడ్డకడుతుంది. ఇన్‌చార్జి గారు పొద్దుటినుంచీ అదే ధ్యాసలో ఉన్నారు. ఆయన నెమ్మదైన మనిషి. గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. చొక్కా మడత నలిగితే బాధపడే రకం.

పొద్దున షిఫ్టు అనలిస్టు సెలవు పెట్టడంతో లాబ్‌లో నేనే ఉన్నాను. మధ్యాహ్నం షిఫ్టువాడు వస్తే అప్పజెప్పి భోజనం చేద్దామని బాక్సు కూడా బయటికి తీశాను. వాడు రాలేదు, ఫోన్ వచ్చింది.

"మేడమ్, కాన్వెంట్ జంక్షన్ కాడ ట్రాలర్ లారీ అడ్డంగా తిరిగిపోనాది. మా బస్సు కదల్డం నేదు."

"ఎప్పుడూ నీ బస్సుకే అడ్డం తిరుగుతాయేంట్రా ట్రాలర్లు? దిగి ఆటో ఎక్కు."

"ఆటో కూడా ఎల్డానికి సందు నేదు మేడమ్. పోర్టు లారీలన్నీ..."

సరిగ్గా అప్పుడు అలారం మోగింది. నా చెవి దాన్ని వింది గాని బుర్ర పట్టించుకోలేదు. డ్యూటీ మారే వేళ కదా, మోగుతుంది. ఫోన్లో అవతల వాడు మాట ఆపేశాడు.

"మేడమ్, గంట మోగతన్నట్టుంది?"

"ఆఁ, మోగుతోంది."

"నాను ఇక్కడుంటే మరి ఊదుతన్నది ఎవురు మేడమ్?"

ఫోను చేతిలోనే పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళాను. లైను దగ్గర ఎవరూ లేరు. వాల్వు పొద్దున నేను వదిలిన చోటే ఉంది. సన్నటి ధార ఎప్పటిలాగే పారుతోంది. యంత్రం మీద అంకె మాత్రం పెరుగుతోంది. ఊదినప్పుడు అంకె ఒక్కసారిగా ఎగిరి, కాసేపట్లో దిగిపోతుంది. ఇది అలా ఎగరలేదు. మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. పైన ఎవరో బటన్ నొక్కారు. మోత ఆగింది. అంకె ఆగలేదు.

ఇంటర్‌కమ్ ఎత్తాను.

"సార్, లోడు పెంచకండి."

"గంటే కదమ్మా?" అన్నారు ఇన్‌చార్జి గారు.

"గంట కాదు సార్. ఎవరూ ఊదలేదు. ఊదాల్సినవాడు ఇంకా కాన్వెంట్ జంక్షన్‌లో బస్సులో కూర్చుని ఉన్నాడు!"

"అయితే మిషన్ పాడయ్యుంటుంది. చూపించండి ఎవరికైనా. అవతల యూనిట్ దింపుతున్నారమ్మా, నేను ఆగడానికి లేదు."

"ఒక్క సీసా పట్టి చూస్తాను. అందాకా ఆగండి సార్, మీకు దణ్ణం పెడతాను."

"త్వరగా," అన్నారు.

సీసా పట్టుకుని లైను దగ్గరకి పరిగెత్తి, వాల్వు మీద చెయ్యి వేసి ఆగిపోయాను. ఊదాలి. ఊదకుండా పట్టిన సీసాకి విలువ లేదు. కానీ ఊదితే పైపులోని పాత మురికంతా కదిలి యంత్రంలోకి వెళుతుంది. ఆ తర్వాత ఏది పాత మురికో, ఏది ఆవిరిలో వచ్చిందో దేవుడు కూడా చెప్పలేడు. "అదిగో, ఊదారు, మోగింది" అంటారు పైన. ముప్పై ఏళ్ళు నా చెయ్యి ఒకటే నేర్చుకుంది, ముందు తిప్పు, తర్వాత పట్టు. "ప్రభువా" అనుకుని, వాల్వు కదపకుండా, పారే ధార కింద సీసా పెట్టాను. నా సర్వీసులో మొదటిసారి నేను పట్టిన ఎంగిలి సీసా అది.

తెల్ల కాగితంలో వడపోశాను. నీళ్ళు దిగిపోయాక చూస్తే కాగితం మీద సన్నటి నల్లటి రవ్వ. వంచి చూస్తే తళుక్కుమంటోంది. బీరువాకి కాగితాలు అంటించే అయస్కాంతం పీకి కాగితం కింద పెట్టాను. రవ్వ మొత్తం లేచి నిలబడింది.

మోకాళ్ళ నొప్పులని డాక్టరు నన్ను మెట్లెక్కొద్దన్నాడు. ఆ రోజు తడి కాగితం అరచేతిలో పెట్టుకుని కంట్రోల్ రూముకి ఎలా ఎక్కానో నాకే తెలియదు. లోపల అందరూ ఇన్‌చార్జి గారి చుట్టూ ఉన్నారు. లోడు పెంచడానికి మనిషి చెయ్యి సిద్ధంగా ఉంది. టర్బైన్ ఆపరేటర్ కూడా అక్కడే, అప్పుడే డ్యూటీ ఎక్కి హెల్మెట్ తీస్తున్నాడు. ఇతను తగరపువలస దగ్గర పల్లెవాడు. వాళ్ళ నాన్న ఇంకా వ్యవసాయం చేస్తాడు. ప్లాంటులో అందరూ నన్ను మేడమ్ అంటే, ఇతనొక్కడే మొదటి రోజునుంచీ అక్కా అనేవాడు. నేను కూడా తమ్ముడిలాగే తిట్టేదాన్ని.

"ఏటక్కా, ఆయాసపడతన్నావ్?" అన్నాడు.

నేను జవాబు చెప్పకుండా కాగితం ఇన్‌చార్జి గారి బల్ల మీద పెట్టి, కింద అయస్కాంతం జరిపాను. నల్ల రవ్వ చీమల బారులా దాని వెంట పాకింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఇది ఊదిన సీసానా?"

"కాదు సార్."

"మరి ఎంగిలి సీసాని ఎలా నమ్మమంటారమ్మా?" అన్నారు. ఆయన కూడా ఆ పాత కెమిస్టు చేతిలో తిట్లు తిన్నవాడే.

"పైపులో కూర్చున్న పాత మురికైతే ఎర్రమట్టిలా ఉంటుంది సార్. ఇది మెరుస్తోంది చూడండి. ఇప్పుడే ఊడి వచ్చింది. బాయిలర్ లోపల పెచ్చు రాలుతోంది. మీరు లోడు పెంచితే ఇంకా రాలుతుంది."

టర్బైన్ ఆపరేటర్ ముందుకు వంగి ఆ కాగితాన్ని చూశాడు. మామూలుగా ఏదో ఒకటి అని నవ్వించే మనిషి, మొహం తెల్లబోయింది. భయపడ్డాడనుకున్నాను. నేనూ భయపడే ఉన్నాను కదా.

"లోడు అక్కడే ఉంచండి," అన్నారు ఇన్‌చార్జి గారు. "ముందు స్టాప్ వాల్వులు కదిపి చూద్దాం."

ఈ వాల్వుల సంగతి మీకు చెప్పాలి. టర్బైన్‌లోకి ఆవిరి వెళ్ళే దారిలో ఎడమన ఒకటి, కుడిన ఒకటి కాపలా వాల్వులు ఉంటాయి. ఎప్పుడూ తెరిచే ఉంటాయి. కానీ ఏదైనా తేడా జరిగితే రెప్పపాటులో మూసుకోవాలి. మూసుకోకపోతే ఏమవుతుంది? జనరేటర్ కరెంటు లైను నుంచి విడిపోయి టర్బైన్ మీద బరువు వదిలేస్తుంది, ఆవిరి మాత్రం తోస్తూనే ఉంటుంది. టర్బైన్ వేగం పెంచుకుంటూ పోయి ముక్కలవుతుంది. ఆ ముక్కలకి ఇనప గోడలు కూడా అడ్డం కావు. ఆ టర్బైన్ హాల్లో ఉన్న మనిషి గురించి ఇక చెప్పక్కర్లేదు. అందుకే అప్పుడప్పుడూ పైనుంచి బటన్ నొక్కి ఒక్కో వాల్వుని కొంచెం దించి, మళ్ళీ ఎత్తి చూస్తారు. దాని పక్కన ఒక మనిషి నిలబడి, వాల్వు కడ్డీ కదిలిందో లేదో కళ్ళారా చూసి చెబుతాడు.

"నాను ఎల్తాను సార్," అన్నాడు టర్బైన్ ఆపరేటర్. హెల్మెట్ మళ్ళీ పెట్టుకుని, వాకీ టాకీ అందుకుని దిగిపోయాడు.

ఎడమ వాల్వు నొక్కారు. "దిగినాది సార్. పైకి ఒచ్చీసినాది," అని అతని గొంతు. కుడి వాల్వు నొక్కారు. ఏమీ వినపడలేదు.

"కదిలిందా?"

"నేదు సార్."

"మళ్ళీ నొక్కుతున్నాం. చూడు."

"సూత్తన్నాను సార్. కదల్నేదు. ఇసుమంతయినా కదల్నేదు."

కుడి వైపు కాపలా లేదు. దాని వెనక వేగాన్ని సర్దే వాల్వులు ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ అవీ ఆ పెచ్చు కలిసిన ఆవిరినే తాగుతున్నాయి. వాటిని ఏ ధైర్యంతో నమ్మాలి?

ఇన్‌చార్జి గారు లేచి నిలబడ్డారు. ఆపడం ఒక్కటే దారి. అయితే ఎర్ర బటన్ నొక్కి ఆపడానికి లేదు. అలా ఆపితే జనరేటర్ ఒక్కసారిగా వదిలేస్తుంది, మేం భయపడుతున్నదే జరుగుతుంది. బాయిలర్ మంట కొంచెం కొంచెంగా తగ్గించి, ఆవిరిని నీరసపరిచి, టర్బైన్‌లో తోసే బలం పూర్తిగా పోయాక అప్పుడు బ్రేకర్ తీసి జనరేటర్‌ని విడదీయాలి. అప్పటిదాకా ఏదీ పొరపాటున కూడా దానంతటది ట్రిప్ అయి ఆగిపోకూడదు.

"బ్రేకర్ మీద చెయ్యి వేసినవాడి చెయ్యి విరగ్గొడతాను," అన్నారు ఆయన. ఆ గొంతు ఆయనదేనా అని అందరూ తిరిగి చూశారు. తర్వాత మైకులో టర్బైన్ హాల్ ఖాళీ చెయ్యమన్నారు. మనుషులు ఒక్కొక్కరే బయటికి వచ్చేస్తున్నట్టు కెమెరాల్లో కనపడింది. ఒకడు మాత్రం కదలలేదు.

"నువ్వు కూడా వచ్చెయ్," అన్నారు వాకీ టాకీలో.

"నాను ఉంతాను సార్. ఆవిరి సల్లబడితే ఇది సడన్‌గా ఊడి మూసుకోవచ్చు. మీ పేనెల్లో తెరిసినట్టో మూసినట్టో రెండే లైట్లు. మధ్యలో ఏటవుతందో మీకు తెల్దు."

"తెలియకపోయినా ఫర్వాలేదు. వచ్చెయ్ అంటున్నాను."

"ఉంతాను సార్."

ఇన్‌చార్జి గారు నా వైపు చూశారు. నేను వాకీ టాకీ లాక్కున్నాను. "ఏరా, చెవులు పనిచెయ్యడం లేదా? రమ్మంటున్నారు కదా!"

"అక్కా, నువ్వు అరవకు. మంట తగ్గించమను. ఎంత బేగి తగ్గితే అంత మంచిది."

అక్కడ వాదిస్తూ కూర్చోడానికి సమయం లేదు. మంట తగ్గించడం మొదలుపెట్టారు. ఇన్‌చార్జి గారు వాకీ టాకీ నా చేతిలోనే వదిలేశారు. "మీరు మాట్లాడుతూ ఉండండమ్మా. గొంతు ఆగితే నాకు చెప్పండి," అన్నారు. అదీ నా పని.

లోడు అంకె దిగుతోంది. ఎంత మెల్లగా దిగుతోందంటే, నాకు ఆ అంకెని చేత్తో కిందకి లాగాలనిపించింది. ఫర్నేసుల నుంచి ఫోన్ మోగింది. ఇన్‌చార్జి గారు ఎత్తి, "కరెంటు పోతుంది, సర్దుకోండి, తిట్లు రేపు వింటాను," అని పెట్టేశారు. మళ్ళీ మోగింది. ఈసారి ఎవరూ ఎత్తలేదు.

"ఒరేయ్, ఉన్నావా?" అన్నాను.

"ఉన్నానక్కా."

"అన్నం తిన్నావా?"

"నేదు. నెత్తళ్ళ పులుసు తెచ్చినాను."

"ఎక్కడివి నెత్తళ్ళు?"

"మా ఇంటిది పొద్దున్నే బండివాడి కాడ కొన్నాది."

"బండివాడి దగ్గరా? హార్బర్ నుంచి మీ ఊరు వచ్చేసరికి అవి ఏమై ఉంటాయిరా! నాకు చెబితే తెచ్చిపెట్టేదాన్ని కదా. మా ఇంటికి హార్బర్ ఎంత దూరమని?"

"అయితే రేపు తేవే అక్కా," అన్నాడు. రేపు అన్న మాట ఆ సమయంలో వినడానికి ఎలా ఉంటుందో మీకు ఎలా చెప్పను?

అప్పుడు బాయిలర్ వైపు పసుపు దీపం వెలిగింది. మంట తగ్గించేటప్పుడు బాయిలర్ డ్రమ్ములో నీటి మట్టం ఎగిరెగిరి పడుతుంది. అది మరీ కిందకి పడితే బాయిలర్ తనంతట తనే ఆగిపోతుంది. బాయిలర్ ఆగితే టర్బైన్ ట్రిప్ అవుతుంది, జనరేటర్ వదిలేస్తుంది. ఆ మట్టం గీత హద్దు వైపు జారుతోంది. బాయిలర్ ఆపరేటర్ చేతులు తడబడుతున్నాయి. ఇన్‌చార్జి గారు అతన్ని కుర్చీతో సహా పక్కకి జరిపి, తనే నీళ్ళ వాల్వు అందుకున్నారు. గీత ఇంకా జారింది. నేను వాకీ టాకీ నోటికి అడ్డం పెట్టుకుని, "తమ్ముడూ, వచ్చెయ్ రా, నీకు పుణ్యముంటుంది," అన్నాను. ఏడుస్తున్నానని నాకు తెలుసు, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏటయినాది అక్కా?"

"ఏమీ కాలేదు. వచ్చెయ్."

"నువ్వు ఏడుత్తన్నావంటే ఏదో అయినాది. సర్లే, సెప్పకు. నాను దీన్నే సూత్తన్నాను."

గీత హద్దు మీద కాసేపు ఆడింది. తర్వాత ఆగింది. మెల్లగా పైకి తిరిగింది. ఇన్‌చార్జి గారి ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయి ఒంటికి అంటుకుపోయింది. ఆయన వెనక్కి తిరగకుండానే, "ఇంకెంతుంది?" అన్నారు. ఎవరో అంకె చెప్పారు.

ఆ తర్వాత దిగడం సుళువైంది. అంకె సున్నాకి వచ్చింది. అయినా ఆయన బ్రేకర్ ముట్టుకోలేదు. సున్నా దాటి వెనక్కి చూపించేదాకా, అంటే ఆవిరి టర్బైన్‌ని తోయడం మానేసి జనరేటరే దాన్ని లాగుతోందని తేలేదాకా ఆగారు. అప్పుడు తన చేత్తో బ్రేకర్ తీశారు. అందరి కళ్ళూ వేగం చూపించే అంకె మీదే ఉన్నాయి. పెరిగితే ఇక అంతే. అది ఉన్న చోటే నిలబడింది. ఒక అంకె తగ్గింది. ఇంకొకటి తగ్గింది.

"అక్కా, సౌండు తగ్గతంది," అని అతని గొంతు వచ్చింది.

కంట్రోల్ రూములో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇన్‌చార్జి గారు కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు అడిగారు.

తర్వాత చల్లారాక కుడి వాల్వు విప్పితే, కడ్డీ చుట్టూ సందంతా నల్ల పెచ్చు కూరుకుపోయి ఉంది. చైన్ బ్లాకు కట్టి లాగితే గాని కడ్డీ బయటికి రాలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే సీసాకి వేరే లైను వచ్చేసింది, ఈసారి ఏ ఓవర్‌హాల్ కోసమూ ఆగలేదు. యంత్రం అమ్మిన కంపెనీవాళ్ళు వచ్చి దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నన్ను కూడా నిలబడమన్నారు, నిలబడ్డాను. కాన్వెంట్ జంక్షన్‌లో అడ్డం తిరిగిన ట్రాలర్‌కి ఎవరూ దండ వెయ్యలేదు. నన్నడిగితే వెయ్యాల్సింది దానికే.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. ఆ సాయంత్రం జరిగింది.

డ్యూటీ ఎప్పుడో అయిపోయినా ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. గేటు బయట బస్సు ఆగేచోట సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. అతను బండి తోసుకుంటూ వచ్చి, స్టాండు వేసి నా పక్కన కూర్చున్నాడు. చేతిలో టిఫిన్ బాక్సు, ఇంకా మూత తియ్యలేదు. అతన్ని చూడగానే నా కోపమంతా బయటికొచ్చింది.

"ఏరా, పిచ్చా నీకు? పెద్దాయన రమ్మంటే రావా? అక్కడ నువ్వు చేసిందేముంది? చూడ్డమేగా! ఏదన్నా అయ్యుంటే తగరపువలస వెళ్ళి నీ పెళ్ళానికి ఎవరు చెప్పాలి, నేనా? నీ పిల్లల మొహం నేనెలా చూడాలి? హీరోననుకున్నావా?"

అతను తల దించుకుని వింటున్నాడు. మామూలుగా అయితే ఒక మాటకి రెండు మాటలు అనేవాడు. నేను ఆగాక, నేల చూస్తూనే చెప్పాడు.

"అక్కా, మొన్న ఆదివారం పొద్దున నాను కంట్రోల్ రూములో పేనెల్ మీద ఉన్నాను. ఆ గంట మోగినాది."

"మోగితే?"

"ఆదివారం పొద్దున మీ లాబ్‌కి తాళం కదక్కా. నువ్వు సర్చిలో ఉంతావు. ఊదేవోడు ఎవుడూ ఉండడు. ఆ సంగతి నాకు తెల్సు. తెల్సే ఉన్నాది. అయినా గంట మోగగానే సెయ్యి దానంతటదే ఎల్లిపోనాది. నొక్కీసినాను. ఇయాల నువ్వు ఆ కాయితం తెచ్చి బల్ల మీద పెట్టీదాకా నాకు మల్లీ గుర్తే రానేదు."

అంటే పెచ్చు ఆదివారమే రాలి ఉంటుంది, వాల్వు అప్పటినుంచే బిగిసి ఉంటుంది. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఆ వాల్వు పక్కనుంచి మనుషులు నడిచారు, అక్కడే కూర్చుని టీ తాగారు, నేను కూడా ఒకసారి దాని ముందునుంచే వెళ్ళాను.

"నువ్వే కాదురా, ఎవరున్నా నొక్కేవాళ్ళు," అన్నాను చివరికి.

"నిజమే. కానీ నొక్కింది నానే కదక్కా," అన్నాడు. "మరి ఆడ ఇంకెవుర్ని నిలబెడతారు?"

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు రెండుసార్లు పిలిచాడు. నేను ఎక్కలేదు.